మా ఘాట్‌లో పదకొండో మెట్టు, మెసేజ్‌లో క్యూమెక్కులు: ఈ రెంటికీ లంకె ఎలా వేయాలి?

మిర్చి చేను (సిరోంచ తాలూకా) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. ప్రాణహిత ఒడ్డున మూడెకరాలు, కొంత పత్తి, కొంత మిర్చి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బ్యాంకులో హిందీ. అందుకని రాతలో తప్పులుంటే సర్దుకోండి.

2022 జూలై వరద సంగతి ఇక్కడ చెప్పను. అది అందరికీ వచ్చిన కష్టం, అప్పుడు ఎవరూ ఏమీ చేయగలిగింది లేదు. నా బాధ ఆ మరుసటి ఏడుది. వరద అనే పేరు కూడా లేని మామూలు నీళ్లు. సాయంత్రం చూసినప్పుడు నా ఐదు హెచ్‌పీ మోటారు గద్దెకు నీళ్లు ఇంకా నాలుగు మూరల కింద ఉన్నాయి. పొద్దున వెళ్లేసరికి పైపు కొన ఒక్కటే కనపడింది. మోటారును తాడు కట్టి ముగ్గురం లాగితే బురదతో పాటు ఒక పీత కూడా వచ్చింది. రీవైండింగ్ ఖర్చు ఒకటైతే, ఆ తర్వాత పది రోజులు ఎండ కాసి మిర్చి నారుకు తడి పెట్టలేకపోవడం ఇంకొకటి.

అప్పటి నుంచి ఒక పని పెట్టుకున్నాను. పుష్కరాలకు జనం స్నానాలు చేసిన ఘాట్ మాకు దగ్గరే. పొద్దున డెయిరీలో పాలు పోసి వస్తూ, పై నుంచి ఎన్నో మెట్టుకు నీళ్లు తగులుతున్నాయో చూసి నోటుబుక్‌లో రాస్తాను. పదకొండో మెట్టు తడిసిందంటే నా మోటారు గద్దె తడిసినట్టే. ఇది రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, నా దగ్గర మెట్లు ఉన్నాయి, జిల్లా నుంచి వచ్చే మరాఠీ మెసేజ్‌లో క్యూమెక్కులు ఉంటాయి, హైదరాబాద్ టీవీలో లక్షల క్యూసెక్కులు అంటారు, ఫోన్‌లో చూస్తే మీటర్లు. నాలుగూ నాలుగు భాషలు. అవి చాలవన్నట్టు మా పక్క చేను ఆయన భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులో చూసి గానీ భయపడడు!

దానికి మించిన చిక్కు ఇంకొకటి. నిరుడు జూలైలో నీళ్లు పదకొండో మెట్టుకు వచ్చిన రోజు మా గ్రూపులో పెట్టిన ప్రాణహిత ప్రవాహం అంకె రాసి పెట్టుకున్నాను. సెప్టెంబర్‌లో మళ్లీ అదే మెట్టు. కానీ ఆ రోజు ప్రవాహం అంకె జూలై దానికంటే దాదాపు మూడో వంతు తక్కువ! మెట్టు కదల్లేదు. మరి అంకె తప్పా? ఎవరైనా ఆఫీసులో కూర్చుని కాకిలెక్కలు రాస్తున్నారా?

చివరిగా, ఎగువనున్న గోసీఖుర్ద్ డ్యాం గురించి "గోసీఖుర్ద్ 33 గేట్లు ఎత్తారు" అని మెసేజ్ వస్తే నాకు ఎన్ని గంటల టైమ్ ఉన్నట్టు? ఒకరు ఇరవై నాలుగు గంటలంటారు, ఇంకొకరు మూడు రోజులంటారు. మోటారు విప్పడానికి నాకు ఇద్దరు మనుషులు, రెండు గంటలు కావాలి. అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

బల్లార్షా కుర్రాడు:

అన్నా, సగం జవాబు నేను చెప్తాను. కేంద్ర జల సంఘం వాళ్లు 2023 ఆగస్టులో ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ తెచ్చారు. అందులో మ్యాప్ మీద టేక్రా దగ్గర నొక్కు. ప్రాణహిత మీద మీ తాలూకాలోనే, సిరోంచకు ఎగువన ఉన్న స్టేషన్ అది. మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా, గీత గీసి మరీ చూపిస్తుంది. హెచ్చరిక మట్టం దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ, ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే పెద్ద వరద మట్టాన్ని ముట్టుకుంటే ఎరుపు.

లెక్క కూడా పెద్ద కష్టమేం కాదు. ఒక క్యూమెక్ అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు. దాన్ని 35.3తో గుణిస్తే క్యూసెక్కులు. మీ మరాఠీ మెసేజ్‌లో విసర్గ్ (అంటే వదిలే నీళ్లు) 9,000 క్యూమెక్ అని ఉంటే, టీవీలో అదే 3 లక్షల 18 వేల క్యూసెక్కులు అవుతుంది. టీవీ వాళ్లకు లక్ష అనే మాట లేకపోతే వార్త వార్తలా ఉండదు కదా.

ఇవన్నీ ఫోన్‌లోకి వాటంతట అవే వస్తుంటే రోజూ మెట్లు లెక్కపెట్టడం ఎందుకన్నా?

కప్పుల మీటరు:

మెట్లు లెక్కపెట్టడం ఎందుకని అడిగిన బాబుకు జవాబు తర్వాత చెప్తాను. ముందు రైతు బిడ్డకు.

నేను గేజ్ సైట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ సైట్ అన్నది ఇప్పుడు అవసరం లేదు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరుకు గేజ్ చూడాలి. వరద వస్తే గంట గంటకూ చూడాలి. గేజ్ అంటే ఏదో యంత్రం అనుకుంటారు. ఒడ్డు వాలులో ఒకదాని పైన ఒకటి పాతిన స్తంభాలు, వాటికి సెంటీమీటర్ల గీతలున్న ఎనామిల్ పలకలు, అంతే. కింది స్తంభం మునిగిపోయేలోపే పైదాని అడుగు అంకె తడవాలి, అలా పాతుతారు. రాత్రిపూట టార్చి పళ్ల మధ్య పట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, అల ఎక్కినప్పటి అంకె ఒకటి, దిగినప్పటి అంకె ఒకటి చూసి మధ్యది రాసేవాళ్లం. వరదలో కొట్టుకొచ్చిన పాములు ప్రాణం దక్కించుకోవడానికి ఆ స్తంభాలనే చుట్టుకునేవి. పాము తల కింద ఎంత అంకె ఉందో చదివిన రాత్రులు నాకు లెక్కలేనన్ని.

నీ జూలై, సెప్టెంబర్ చిక్కుకు వద్దాం. అంకె తప్పు కాదు, మెట్టూ తప్పు కాదు. నువ్వు రెండు వేరు వేరు సంగతులను ఒకటే అనుకుంటున్నావు. మట్టం వేరు, ప్రవాహం వేరు. మట్టం కంటికి కనపడుతుంది, ప్రవాహం కనపడదు, దాన్ని కొలవాలి.

ఎలా కొలుస్తారో చెప్తాను, అప్పుడు నమ్మకం కుదురుతుంది. నదికి అడ్డంగా వరుసగా చోట్లు పెట్టుకుంటాం, ఇరవై దాకా ఉంటాయనుకో. పడవను ప్రతి చోటా నిలబెట్టి ముందు లోతు చూస్తాం. తర్వాత ఆ లోతులో పది పాళ్లకు ఆరు పాళ్ల కిందికి మీటరు దించుతాం. చిన్న చిన్న గిన్నెల్లాంటి కప్పులు చక్రంలా తిరుగుతాయి, నా పేరు అక్కడిదే. తిరిగినప్పుడల్లా చెవిలో టిక్కు అంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని టిక్కులు లెక్కపెడితే ఆ చోట నీటి వేగం తెలుస్తుంది. వేగాన్ని ఆ ముక్క వెడల్పుతో, లోతుతో గుణించాలి. ఇరవై ముక్కలూ కూడితే ఆ రోజు ప్రవాహం. పడవ దించలేనంత వరద ఉంటే చెక్కముక్క నీళ్లలో వదిలి, రెండు గుర్తుల మధ్య ఎన్ని సెకన్లలో పోయిందో చూస్తాం. పైనున్న నీళ్లు లోపలి నీళ్లకంటే జోరుగా పోతాయి కాబట్టి వచ్చిన వేగాన్ని దాదాపు 0.85తో గుణించి తగ్గించి వేసుకుంటాం. ఇలా ఏళ్ల తరబడి కొలిచి, ఇంత మట్టం ఉంటే ఇంత ప్రవాహం అని ఒక గీత గీస్తారు. ఇప్పుడు చాలాచోట్ల సెన్సర్ చూసేది మట్టాన్నే. ప్రవాహం అంకె ఆ గీత మీద నుంచి తీసుకున్నది.

ఆ గీత ఒక్క చోటికే చెల్లుతుంది, అసలు మెలిక ఇదే. టేక్రా గీత టేక్రాకే. నీ ఘాట్ దగ్గర అది పనిచేయదు. నువ్వు ఎక్కడున్నావు? ప్రాణహిత వెళ్లి గోదావరిలో కలిసే చోటికి కొంచెం పైన. కాళేశ్వరం మీకు అవతలి ఒడ్డే కదా. పంట కాలువలో కింద మడవ మూస్తే పైన నీళ్లు ఎగదన్నుతాయా లేదా? నీ ఘాట్‌లో జరిగేది అదే. జూలైలో పైన కలిసి ప్రాణహిత అయ్యే వార్ధా, వైన్‌గంగల నీళ్లు ఒక్కటే వచ్చాయి, గోదావరి పలచగా ఉంది, ప్రాణహిత అడ్డు లేకుండా జారిపోయింది. పదకొండో మెట్టు దాకా రావడానికి దానికి చాలా నీళ్లు కావలసి వచ్చాయి. సెప్టెంబర్‌లో గోదావరి కూడా నిండుగా వచ్చి ఉంటుంది. అది కింద నిలబడి దారి ఇవ్వకపోతే, ప్రాణహిత తక్కువ నీళ్లతోనే నీ పదకొండో మెట్టు ఎక్కుతుంది. ఆ సెప్టెంబర్ రోజుల్లో, గోదావరి మీద పైనున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు తెరిచి ఉన్నాయేమో పాత పేపర్లు చూడు.

కాబట్టి టేక్రా ఒక్కటే చూస్తే నీ మోటారు మళ్లీ మునుగుతుంది. రెండు చూడు, పైన టేక్రా, పక్కన గోదావరి.

ఇంకొకటి. 2023 అక్టోబర్‌లో, గోదావరి మీద మీకు కిందున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. అంతకుముందు అక్కడ 85 గేట్లతో నీళ్లు నిలిపేవాళ్లు, నిండా ఉంటే సముద్ర మట్టం నుంచి 100 మీటర్లు. కుంగిన తర్వాత గేట్లు ఎత్తి నీళ్లు వదిలేశారు. నీ నోటుబుక్‌లో ఆ నెలకు ముందు రాసిన తక్కువ మట్టాలను, తర్వాతి వాటిని కలిపి చూడకు. రెండూ ఒకే నది కాదనుకో.

గోసీఖుర్ద్ గంటల సంగతి. ముందు గేట్ల సంఖ్య వినడం మానెయ్. 33 గేట్లు అర మీటరు ఎత్తినా 33 గేట్లే, పూర్తిగా ఎత్తినా 33 గేట్లే. ఎంత వదిలారు అన్నది ఒక్కటే అడుగు. పైగా గోసీఖుర్ద్ వైన్‌గంగ మీద ఉంది. వార్ధా అటునుంచి వేరే వస్తుంది, పైన్‌గంగను కలుపుకుని మరీ వస్తుంది. గోసీఖుర్ద్ గేట్లన్నీ మూసి ఉన్న రోజు కూడా వార్ధా నిన్ను ముంచగలదు. ఎన్ని గంటలు అంటే నేను ఒక అంకె చెప్పను. నది ఎండి ఉంటే ఒకలా, అప్పటికే నిండి ఉంటే ఒకలా నడుస్తుంది. అది నీ నోటుబుక్కే చెప్పాలి. టేక్రా మట్టం శిఖరానికి ఎప్పుడు చేరింది, నీ ఘాట్‌లో నీళ్లు ఎక్కడం ఎప్పుడు ఆగింది, ఈ రెండు టైములు ఈ వానాకాలం నాలుగుసార్లు రాసుకో. నీకు కావలసింది రెండు గంటలే కదా, అంతకు మించే దొరుకుతుంది.

ఇప్పుడు బాబుకు జవాబు. ఫోన్ టేక్రా మట్టం చెప్తుంది. ఈయన మోటారు టేక్రాలో లేదు.

మిర్చి చేను:

కాకా, రాత్రి మీరు రాసింది చదివాక నిద్ర పట్టలేదు. సెప్టెంబర్ పేజీ తీసి చూశాను. ఆ వారంలో నేనే మార్జిన్‌లో రాసుకున్నాను, "కాళేశ్వరం వైపు నీళ్లు ఎర్రగా, మన వైపు నల్లగా, మధ్యలో గీత" అని. ఎందుకు రాశానో కూడా మరిచిపోయాను. గోదావరి వచ్చిందని నా కళ్లతో చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు.

మడవ మాట చెప్పగానే అర్థమైంది. అంతకుముందు ఒక ఇంజనీరు గారు బ్యాక్ వాటర్ అని అరగంట చెప్పారు, తల ఊపి వచ్చేశాను.

రెండు అనుమానాలు. మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి, కాంట్రాక్టరు దయ. కింది ఐదారు మెట్ల మీద ఇసుక మేట వేసింది. రెండోది, నీళ్లు రాత్రే పెరుగుతాయి, నేను చూసేది పొద్దున. అర్ధరాత్రి ఎంతదాకా వచ్చి తగ్గిందో ఎలా తెలుస్తుంది?

గుణుపురం టీచర్:

అన్నగారూ, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురం, వంశధార ఒడ్డు. మీ దగ్గర రోజుల లెక్క, మా దగ్గర గంటల లెక్క. కలహండి లంజిగఢ్ కొండల్లో పుట్టి, కొండల మధ్యనే పరిగెత్తి వస్తుంది. మా అమ్మమ్మ 1980 సెప్టెంబర్ వరద గురించి చెప్పేటప్పుడు "వాన వినిపించింది, తర్వాత నీరు వినిపించింది" అనేది. మధ్యలో ఏమీ లేదు.

మా ఊళ్లో గేజ్ ఉంది, కింద కాశీనగర్‌లో ఇంకొకటి ఉంది. ఆ రెండూ చూసుకుని శ్రీకాకుళం జిల్లాలో హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ వాళ్లు జాగ్రత్త పడతారు. మరి మాకు పైన ఎవరు చెప్తారు? అందుకే మా బడి డాబా మీద వాన కొలిచే గొట్టం పెట్టాం. పిల్లలు రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మిల్లీమీటర్లు బోర్డు మీద రాస్తారు. మూడు గంటల్లో ఎంత పడిందో చూస్తే, నది పెరగకముందే మాకు కొంచెం తెలుస్తుంది. మీకు ఇది అంత పనికి రాదేమో, మీ నీళ్లు పడే చోటు ఎక్కడో విదర్భ అంతా పరుచుకుని ఉంది. ఇసుక మేట బాధ మాత్రం మాదీ అదే. మాకూ జవాబు కావాలి.

కప్పుల మీటరు:

టీచరమ్మ చెప్పింది నిజం. చిన్న నదికి వాన గేజ్, పెద్ద నదికి పైనున్న నీటి గేజ్.

మెట్ల సంగతి. మెట్టు అంచు కాదు, ఘాట్ పక్కనున్న నిలువు గోడ వాడు. మేస్త్రీ దగ్గర నీళ్ల పైపు ఉంటుంది కదా, అటు ఇటు మట్టం చూసే సన్న గొట్టం, అది తెచ్చుకో. ఒడ్డున ఎప్పటికీ కదలని గుర్తు ఒకటి పెట్టుకో, గుడి అరుగు అంచు లాంటిది. చెట్టు వద్దు, కరెంటు స్తంభం అసలే వద్దు, అది ఒరుగుతుంది. ఆ అరుగు నుంచి ఎంత కిందో కొలిచి గోడ మీద పది సెంటీమీటర్లకు ఒక గీత, మీటరుకు ఒక ఎర్ర పట్టీ ఎనామిల్ పెయింటుతో వెయ్. ప్రతి ఏడూ వాన పోయాక మళ్లీ ఒకసారి సరిచూడు. ఇసుక మేట నీ మట్టాన్ని మార్చదు. కానీ నది అడుగు ఎత్తయితే అదే ప్రవాహానికి నీళ్లు పైకి వస్తాయి. అందుకే పాత లంకె ఏటా కొంచెం జారుతుంది. ఇంకొకటి, నీళ్లు ఎక్కేటప్పుడు రాసిన రోజుకు పైకి బాణం, దిగేటప్పటికి కిందికి బాణం గుర్తు పెట్టు. ఎక్కే వరద అదే మట్టం దగ్గర దిగే వరదకంటే ఎక్కువ నీళ్లు మోస్తుంది.

రాత్రి శిఖరానికి పాత ఉపాయం ఒకటి ఉంది. రెండంగుళాల పీవీసీ పైపు ఒకటి తీసుకో. కింద మూత వేసి, అడుగున నాలుగు సన్న రంధ్రాలు, పైన గాలి పోవడానికి ఒకటి. దాన్ని గోడకు నిలువుగా బిగించు. లోపల చదును చేసిన కర్ర ఒకటి నిలబెట్టి, అడుగున గుప్పెడు మెత్తటి రంపపు పొట్టు వెయ్. రంధ్రాలు పొట్టు బయటికి పోనంత సన్నగా ఉండాలి. నీళ్లు ఎక్కితే పొట్టు తేలుతూ ఎక్కుతుంది, దిగేటప్పుడు కర్రకు అంటుకుని ఉండిపోతుంది. పొద్దున కర్ర తీస్తే రాత్రి ఎంతదాకా వచ్చిందో గోధుమరంగు గీత. గేజ్ వాళ్లు బెండు పొడి వాడతారు, మన దగ్గర వడ్రంగి కొట్టు చాలు. చూశాక కర్ర తుడిచి మళ్లీ పెట్టాలి. వరద తీశాక రంధ్రాల్లో ఒండ్రు పొడిచి తీసెయ్, లేకపోతే వచ్చేసారి పైపు లోపల నీళ్లే ఎక్కవు.

పక్క చేను ఆయనకు కూడా చెప్పు. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. అది వాళ్లకు. ఆ నీళ్లలో ఇంద్రావతివి కూడా ఉంటాయి, అది మీకు కిందనే కలుస్తుంది. మీ నీళ్లు మీ ఊరు దాటి పోయాకే అక్కడ అడుగులు పెరిగేది. ఆయన చూసేది వెళ్లిపోయిన బస్సు టైమ్‌టేబుల్.

బల్లార్షా కుర్రాడు:

కాకా, ఒప్పుకున్నాను. అన్నా, ఒక పని చేసి పెడతాను. గోదావరి లెక్కలు దాచినవి కావు, పాత ఏళ్ల మట్టాలు ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్ సైట్‌లో దొరుకుతాయి. టేక్రావి దించి ఎక్సెల్‌లో పెట్టి పంపిస్తాను. నీ నోటుబుక్ పేజీలు ఫోటో తీసి పెట్టు, తారీఖుల పక్కన తారీఖులు పెట్టి చూద్దాం.

మిర్చి చేను (ఆరు రోజుల తర్వాత):

గోడ మీద గీతలు అయ్యాయి. ఎర్ర పెయింటు సరిపోక చివరి మీటరుకు ట్రాక్టర్ పెయింటు నారింజ వేశాను. కోత్వాల్ వచ్చి ఇది ఏ పార్టీ రంగు అని అడిగాడు.

పైపు మొదటి రాత్రే పని చేసింది. నిన్న సాయంత్రం నేను చూసినప్పుడు నీళ్లు అరుగు కింద మూడు మీటర్ల ఇరవై, ఇవాళ పొద్దున మూడు మీటర్ల పదిహేను. నోటుబుక్ ఒక్కటే ఉంటే ఐదు సెంటీమీటర్లు పెరిగిందని రాసి ఇంటికి పోయేవాణ్ణి. కర్ర తీస్తే పొట్టు గీత రెండు మీటర్ల ఎనభై దగ్గర ఉంది. రాత్రి నలభై సెంటీమీటర్లు ఎక్కి, నేను లేచేలోపు చాలావరకు దిగిపోయింది. మా ఆవిడ ఆ గీత చూసి, "నువ్వు గుర్రు పెట్టి నిద్రపోతుంటే నది మన చేను చూసి పోయింది" అంది.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట, మళ్లీ చూసి వచ్చాను. రెండు తొంభై, పైకి బాణం. టేక్రా పొద్దుటి నుంచి ఎక్కుతోంది. ఎల్లంపల్లి గేట్లు కూడా తెరిచారని మంచిర్యాల నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. పదకొండో మెట్టు అంటే నా కొత్త గీతల్లో రెండు మీటర్ల పది. ఇంకా ఎనభై సెంటీమీటర్లు ఉంది, మామూలుగా అయితే రేపు చూద్దాం అనుకునేవాణ్ణి. తాడు, ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉన్నారు. మోటారు విప్పడానికి వెళ్తున్నాను, పొట్టు గీత సంగతి రేపు రాస్తాను.